ఊరట చుక్కలు

మా ఆవిడ సలోమికి ఆకలి వేయదు. అలక కాదు, ఉపవాసం కాదు, ఒళ్ళు తగ్గించుకునే పిచ్చి అంతకన్నా కాదు. ఆకలంటే ఎలా ఉంటుందో ఆ మనిషి ఒంటికి గుర్తు లేదు. పొద్దున ఇడ్లీ పెట్టకపోతే మధ్యాహ్నం అడగదు. మధ్యాహ్నం కూడా పెట్టకపోతే సాయంత్రానికి కళ్ళు తిరిగి పడిపోతుంది. పడ్డాక లేచి, "వడదెబ్బేమోనండీ" అంటుంది. అందుకని పూటపూటకీ పక్కన కూర్చుని బతిమాలి తినిపించే ఉద్యోగం నాకు దొరికింది. జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్పడం నా రెండో ఉద్యోగం.

దీనికంతటికీ మూలం సలోమి డిగ్రీ చదువుతున్నప్పటి ఒక వేసవి.

అప్పటికి మాకు పెళ్ళి కాలేదు. గుంటూరులో ఒకే చర్చికి వెళ్ళేవాళ్ళం. తను కంప్యూటర్స్ చదువుతోంది, నేను ఎమ్మెస్సీలో ఉన్నాను. తూర్పు ఆఫ్రికాలో ఏదో సరిహద్దు దగ్గర కరువుకీ, యుద్ధానికీ పారిపోయి వచ్చినవాళ్ళ శిబిరం ఉందనీ, సేవ చేయడానికి విద్యార్థులు కావాలనీ ఒక సంస్థ వాళ్ళు చర్చిలో చెప్పారు. చెప్పిన మరుసటి ఆదివారానికే సేవాభావం పొంగిపొర్లింది. నిజం చెప్పొద్దూ, పై చదువులకి బయటి దేశాల్లో సీటు కావాలంటే ఇలాంటి సర్టిఫికెట్ ఒకటి ఉంటే మంచిదని అందరికీ తెలుసు. పుణ్యానికి పుణ్యం, పురుషార్థానికి పురుషార్థం. సలోమి కూడా అందుకే పేరిచ్చింది.

వాళ్ళ నాన్న రైల్వేలో గార్డు. ఆయన ఒక్కడే అడ్డం తిరిగాడు. "మన పేటలో లేదా ఆకలి? దానికి ఇమానం ఎక్కి పోవాలంటా?" అన్నాడు. అది జవాబు చెప్పేంత మాట కాదనుకున్నాం.

సెలవులయ్యాక అందరూ తిరిగొచ్చారు. మిగతావాళ్ళు పిల్లల్ని ఒళ్ళో కూర్చోబెట్టుకున్న ఫొటోలు పెట్టారు. సలోమి ఒక్క ఫొటో కూడా పెట్టలేదు. చిక్కి సగమై వచ్చింది. చర్చి మెట్ల మీద కూర్చుని నాతో చెప్పింది.

"అక్కడ పిల్లలు ఏడుస్తారు రత్నం గారూ. పొద్దస్తమానం. ఆకలికి ఏడిసే ఏడుపు వేరుగా ఉంటది. ఉన్నన్నాళ్ళూ నేను సరిగ్గా నిద్రపోలా. ఇక్కడికొచ్చినా చెవుల్లోనించి పోవట్లేదు."

ఒక పిల్లవాడి సంగతి చెప్పింది. బాగా ఎండిపోయిన పిల్లలకి ఒక్కసారిగా కడుపు నిండా పెడితే ప్రాణానికే ముప్పట. మొదటి వారమంతా పల్చటి పాలు కొంచెం కొంచెంగా పట్టాలి. పిల్లలేమో ఇంకా కావాలని గుక్కపెట్టి ఏడుస్తారు. ఒక తల్లి ఆ ఏడుపు భరించలేక, నర్సు అటు తిరిగినప్పుడు, గిన్నెడు జావ తాగించేసింది. తెల్లారేసరికి పిల్లవాడు లేడు.

"వారం రోజులు ఆ పిల్లోడికి ఆకలి తెలీకుండా చేస్తే బతికేవాడు. అంతే కదా?" అంది.

అంతే కదా అని నేనూ అన్నాను.

ఆ ఏడే కంప్యూటర్స్ వదిలేసింది. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని వాళ్ళ నాన్న నెత్తీ నోరూ కొట్టుకున్నాడు. జీవరసాయన శాస్త్రం మొదట్నుంచీ మొదలుపెట్టి, విశాఖపట్నంలో ఎమ్మెస్సీ, అక్కడే పరిశోధన. ఆకలి ఎక్కడ పుడుతుంది, ఏ దారిన పోతుంది, దాన్ని ఎక్కడ ఆపొచ్చు. మా పెళ్ళయ్యాక కూడా మా ఇంట్లో ఇదే భాగవతం. అయినా నాకు గర్వంగానే ఉండేది. ఒక వేసవి సెలవుల్లో చూసినదాని కోసం జన్మంతా చదివేవాళ్ళు ఎంతమంది ఉంటారు?

ఒకరోజు వంటింట్లో కుక్కర్ చూపించి నాకు పాఠం చెప్పింది.

"కడుపు ఖాళీ అయితే మెదడుకి కబురు పంపిద్ది. అదే ఈ విజిల్ అనుకోండి. మెదడు గుమ్మంలో ఆ కబురు అందుకునే చోటు ఒకటుంది. నా మందు పోయి ఆ గుమ్మంలో కూర్చుంటది. కబురు లోపలికి పోదు. మందు కరిగిపోయినాక మళ్ళీ మామూలే."

"విజిల్ వినపడకపోతే అన్నం ఉడికిందో మాడిందో ఎట్టా తెలిసిద్ది?"

"గడియారం చూసి దించుకుంటాం. వార్డులో నర్సులుంటారుగా."

కుక్కర్ అప్పుడే కూసింది. ఇద్దరం నవ్వుకున్నాం.

మందు తయారవడానికి ఏళ్ళు పట్టింది. మా పాప కెజియ పుట్టి నడక నేర్చింది. మేము మళ్ళీ గుంటూరు చేరాం. ఊరి చివర ఒక చిన్న ప్రయోగశాలలో సలోమికి చోటిచ్చారు. ఎలుకల తర్వాత మనుషులు. మనుషుల్లో మొదట తనే. పసిపిల్లల నాలుక మీద వేసే మందు తను మింగకుండా ఎవరికీ ఇవ్వనంది. ఎంత మోతాదైతే ఎన్నాళ్ళు పనిచేస్తుందో తన ఒంటి మీదే చూసుకుంది. మోతాదు పెంచుకుంటూ నెలల తరబడి వేసుకుంది. ఇంట్లో నాకు చెప్పిందేమో "కొంచెం టెస్టింగ్ నడుస్తోందండీ" అని.

పనిచేసిందని తేల్చడానికి ఒక కొలత కావాలి కదా. పసివాడిని ఆకలిగా ఉందా అని అడిగితే చెప్పడు. సలోమి ఒక చిన్న మైకు చేయించింది. అది మంచం పక్కన ఉంటుంది. పిల్ల ఏడిస్తే, ఆకలి ఏడుపో, మారాము ఏడుపో గుర్తుపట్టి, ఎంతసేపు ఏడ్చిందో కూడుతుంది. ఏడుపు తగ్గితే మందు పనిచేసినట్టు. ఆ కొలత చాలా తెలివైనదని అందరూ మెచ్చుకున్నారు. నేనూ మెచ్చుకున్నాను, లెక్కల మాస్టారిని కదా.

ఆ వేసవిలో తీసుకెళ్ళిన సంస్థే మందు తీసుకుంది. సలోమి ఉచితంగా ఇచ్చేసింది. పేరు కూడా తనే పెట్టింది, ఊరట చుక్కలు అని. మొదట ఆ శిబిరంలోని వార్డులోనే వాడారు. వార్డు వీడియో వచ్చిన రోజు ప్రయోగశాలలో అందరం తెర చుట్టూ మూగాం. వరసగా మంచాలు, మంచాల మీద పిల్లలు. ఒక్కరూ ఏడవడం లేదు. నర్సు చెంచాతో పాలు పడుతుంటే బుద్ధిగా మింగుతున్నారు. ఆ నెల వార్డులో చావులు బాగా తగ్గాయట. సలోమి నా భుజం మీద తల పెట్టి వెక్కివెక్కి ఏడ్చింది. ఇంటికొచ్చి మొద్దునిద్ర పోయింది. పెళ్ళయ్యాక అంత హాయిగా పడుకోవడం నేను అప్పుడే చూశాను.

ఆ తర్వాత సంస్థ వాళ్ళు మందుని వార్డు దాటించి శిబిరమంతా పంచుతామన్నారు. గుడారాల్లో పిల్లలు కూడా అర్ధాకలితోనే ఉన్నారు కదా, వాళ్ళెందుకు బాధపడాలి అన్నారు. గుడారాల స్తంభాలకి కూడా మైకులు పెడతామన్నారు. సలోమి సంతకం పెట్టింది. ఎందుకు పెట్టదు? చెవుల్లో ఉన్న ఏడుపు మొత్తం ఆగిపోతుందంటే ఎవరు మాత్రం వద్దంటారు?

ఇల్లు మారిపోయిందని నేను గమనించడానికి చాలాకాలం పట్టింది.

మొదట కూరల్లో ఉప్పు తప్పింది. తర్వాత కూరలే తప్పాయి. కెజియ టిఫిన్ డబ్బా ఖాళీగా బడికి వెళ్ళిందని టీచరు రెండుసార్లు ఫోన్ చేసింది. పని ఒత్తిడి అనుకున్నాను. బాపట్ల నుంచి మా అక్క వచ్చి, "ఏందిరా, మీ ఇంట్లో పొయ్యి వెలగదా? మీ ఆవిడ మొగం చూడు, పీక్కపోయింది" అంది. ప్రయోగాలు చేసేవాళ్ళు అలాగే ఉంటారని వెనకేసుకొచ్చాను.

ఒక సెలవు రోజు నేను పరీక్ష పేపర్లు దిద్దే పని మీద బయటికెళ్ళి సాయంత్రం ఇంటికొచ్చాను. కెజియ హాల్లో నేల మీద ముడుచుకుని పడుకుని ఉంది. పెదవులు ఎండిపోయాయి. పక్కన థర్మామీటరు. సలోమి కుర్చీలో కూర్చుని లాప్‌టాప్ చూసుకుంటోంది.

"ఏమైంది పాపకి?"

"మధ్యాహ్నం నుంచి ఒకటే చిరాకండీ. జ్వరమేమోనని చూశా, లేదు. ఆడుకోమంటే ఆడుకోదు. కాసేపు ఏడిసి అదే పడుకుంది."

"ఏం పెట్టావు దానికి?"

సలోమి నా వంక చూసింది. ప్రశ్న అర్థమైంది గానీ అది ఎందుకు అడుగుతున్నానో అర్థం కాలేదు. ఆ చూపు నేను మర్చిపోలేను. "పెట్టడమంటే... పొద్దున పాలు తాగిందిగా" అంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. "ఆరేళ్ళ పిల్ల! పొద్దున్నించి! కడుపు మాడ్చి పడుకోబెట్టి జొరం చూస్తన్నావా? నీకు బుద్ధుందా లేదా?" అని అరిచాను. పిల్ల లేచి నేనిచ్చిన అరటిపండు రెండు గుటకల్లో మింగింది. సలోమి దాన్ని అలా చూస్తూ ఉండిపోయింది. ఎవరో తెలియని భాష మాట్లాడుతుంటే చూస్తున్నట్టు చూసింది.

"ఆకలేస్తే చిరాకు వస్తదని నాకు గుర్తే రాలేదండీ" అంది చివరికి. "నాకు ఆకలేసి ఎన్నాళ్ళయిందో..."

మోతాదులు ఆపి అప్పటికి ఏడాది దాటింది. గుమ్మంలో కూర్చున్న మందు కరగలేదు. డాక్టర్లకి చూపించాం. పిల్లలకిచ్చే మోతాదులో ఇలా జరగదు, మీరు వేసుకున్నదానికి ఆ దారే పూడుకుపోయి ఉండొచ్చు, మళ్ళీ తెరుచుకుంటుందో లేదో చెప్పలేం అన్నారు. గడియారం పెట్టుకుని తినమన్నారు. ఆకలి రుచెరగదు అంటారు కానీ, ఆకలే లేనివాళ్ళకి ఎదుటివాడి ఆకలి కూడా తెలియదని నాకు అప్పుడే తెలిసింది.

ఆ రోజుల్లోనే న్యాబోల్ ఫోన్ చేసింది.

న్యాబోల్ ఆ శిబిరంలో గంజి పోసే ఆడవాళ్ళకి పెద్ద. సలోమి విద్యార్థిగా వెళ్ళినప్పుడు తన గుడారంలో పడుకోబెట్టుకున్నది ఆవిడే. అప్పుడప్పుడూ ఫోన్లో పలకరిస్తూ ఉండేది. అక్కడ పెద్దావిడల్ని అమ్మా అన్నట్టుగా మామా అంటారట, సలోమి కూడా అలాగే పిలిచేది. ఆవిడ ఇంగ్లీషూ నా ఇంగ్లీషూ దొందూ దొందే కాబట్టి నాకు బాగానే అర్థమయ్యేది.

"అమ్మాయ్, నీ చుక్కలు ఆపించు. నాకు గుడారాలు వినపట్టం లేదు" అంది.

"పిల్లలు ఏడవట్లేదు మామా. మంచిదేగా?"

"నువ్వొచ్చి చూడు" అని పెట్టేసింది.

సంస్థ వాళ్ళని అడిగితే అంతా బ్రహ్మాండంగా ఉందన్నారు. సలోమి మాత్రం వెళ్ళాల్సిందేనంది. ఒక్కదాన్ని పంపితే దారిలోనే పడిపోతుంది. అందుకని పాపని అక్క దగ్గర బాపట్లలో వదిలి, సెలవు పెట్టి నేనూ బయలుదేరాను. చెప్పుకోడానికి సిగ్గేస్తోంది, పెళ్ళానికి అన్నం తినిపించడానికి నేను కరువు శిబిరానికి వెళ్ళాను.

శిబిరంలో నాకు మొదట తట్టింది నిశ్శబ్దం. కనుచూపు మేర తెల్ల గుడారాలు, మధ్య ఎర్రమట్టి దారులు, ప్రతి గుడారంలో ఇద్దరు ముగ్గురు పిల్లలు. అంతమంది పిల్లలున్న చోట కాకి అరుపు స్పష్టంగా వినిపిస్తోంది. పసుపు టోపీలు పెట్టుకున్న విద్యార్థులు కొందరు తిరుగుతున్నారు. ఆ ఏటి సేవకులు. వాళ్ళలో కొచ్చిన్ నుంచి వచ్చిన నీనా అనే డిగ్రీ పిల్ల సలోమిని చూడగానే పరిగెత్తుకొచ్చి చేతులు పట్టుకుంది. "మేడమ్, మీ గురించి చదివే నేను ఇక్కడికి వచ్చాను" అంది.

మర్నాడు తెల్లవారుతుండగా న్యాబోల్ మమ్మల్ని వెంటబెట్టుకుని బయలుదేరింది. వెనక ఇద్దరు ఆడవాళ్ళు సగమే నిండిన గంజి గిన్నె మోస్తున్నారు. ఒక దారి మొదట ఆగి, చెవి ఒగ్గి నిలబడింది.

"నువ్వొచ్చిన ఏడు కూడా ఇట్టాగే తిరిగేవాళ్ళం. నువ్వు దుప్పటి ముసుగేసుకుని చెవులు మూసుకునేదానివి. మేము వింటానికి తిరిగేవాళ్ళం. ఏడిసే గుడారానికి గిన్నె పోయిద్ది. ఏడిసే పిల్లకి ఇంకా ఓపికుంది. నిన్న ఏడిసి ఇయ్యాల ఏడవని గుడారం ఉంటది చూడు, అక్కడికి గిన్నె కింద పెట్టి పరిగెత్తేవాళ్ళం. అట్టా ఎంతమందిని పట్టుకున్నామో! ఇప్పుడు అన్నీ ఏడవని గుడారాలే. ఎక్కడికి పరిగెత్తను?"

వార్డులో నర్సులున్నారు, గడియారం ఉంది. గుడారాల్లో ఉన్నది న్యాబోల్ చెవి ఒక్కటే. ఈ చివరి నెలల్లో గుడారాల్లో పిల్లలు నిద్రలోనే పోతున్నారట. తల్లులు కూడా కనిపెట్టలేకపోతున్నారు. బుద్ధిగా పడుకున్నాడనుకుంటున్నారు. అడగందే అమ్మైనా పెట్టదంటారు మనవాళ్ళు. అడిగే నోరు మేము మూసేశాం.

దారి పక్కన అచోల్ అనే అమ్మాయి ఉంది. ఇరవై ఏళ్ళు కూడా ఉండవు. పెద్ద కొడుకు అలాగే పోయి నెల కాలేదని న్యాబోల్ చెప్పింది. చంకలో రెండేళ్ళ కూతురు ఉంది. ఆ పిల్ల చేతులు చూసి నేను తల తిప్పుకున్నాను. పిల్ల మాత్రం ప్రశాంతంగా మా వంక చూస్తోంది.

"మామా," అంది సలోమి, "అప్పుడు నాకు నిద్ర పట్టలేదు. అది వాళ్ళ బాధ అనుకున్నా."

నాకు అప్పుడు అర్థమైంది. ఇన్నేళ్ళ చదువు, ఇన్నేళ్ళ కష్టం, పిల్లల ఆకలికి కాదు. సలోమి నిద్రకి. ఎవరి బాధకి మందు కనిపెట్టాలో ఆ వేసవిలోనే తారుమారైపోయింది.

శిబిరం అధికారి మర్యాదస్తుడు. టీ ఇచ్చాడు. సలోమి మందు ఆపమంది. ఆయన వెంటనే ఒప్పుకున్నాడు. "మందు మీది మేడమ్. మీరు ఆపమంటే ఆపుతాం" అన్నాడు.

"మరి గంజి ఎందుకు తగ్గింది? మేమొచ్చినప్పుడు గిన్నె నిండా ఉండేది."

"అవసరాన్ని బట్టే కదా పంపుతారు. మైకుల లెక్క ప్రకారం శిబిరంలో ఆకలి బాగా తగ్గింది. ఆ మేరకి పైవాళ్ళు సరుకు తగ్గించారు. ఇంకా అవసరం ఉన్న శిబిరాలున్నాయి."

"ఆకలి తగ్గలేదండీ, ఏడుపు తగ్గింది!"

"మీ కొలతే కదా మేడమ్, మేము వాడుతున్నది" అన్నాడాయన. వెటకారం లేదు ఆ గొంతులో. నిజంగానే అయోమయపడ్డాడు. "మందు ఆపితే లెక్క మారుతుంది. వానలు వెళ్ళాక మళ్ళీ చూస్తారు. అప్పుడు సరుకు పెరుగుతుంది."

వానలు ఇంకా మొదలే కాలేదు.

మందు ఆపిన కొన్నాళ్ళకి ఏడుపులు మొదలయ్యాయి. పొద్దున ఒక గుడారంలో సన్నగా, కొంచెం ఆగి ఇంకో గుడారంలో. వారం తిరిగేసరికి శిబిరమంతా ఏడుపు. న్యాబోల్ ముఖం విచ్చుకుంది. పడుచుపిల్లలా దారులన్నీ తిరిగింది. గెలిచామనుకున్నాను నేను కూడా. కానీ గిన్నె వరస సగానికి రాకుండానే ఖాళీ అయిపోతోంది. మిగతా సగం గుడారాల ముందు గంజి పోసే ఆడవాళ్ళు ఉత్త గరిటె పట్టుకుని నిలబడుతున్నారు. వినపడితే ఏం లాభం, పొయ్యడానికి ఉండాలి కదా. ఇదివరకు తెలియకుండా చచ్చేవాళ్ళు, ఇప్పుడు తెలిసి చస్తారు. ఈ పాటి దానికా మేము ఇంత దూరం వచ్చింది?

సలోమి పొద్దస్తమానం అధికారి చుట్టూ, ఫోన్ల చుట్టూ తిరిగింది. ఎవరూ కాదనలేదు. అందరూ సానుభూతి చూపించారు. వానలు వెళ్ళాక అన్నారు.

ఆ మధ్యాహ్నం మామూలుగానే తనని గోదాము వెనక్కి తీసుకెళ్ళాను. మాకు సిబ్బంది వంటశాల నుంచి డబ్బాలో అన్నం, పప్పు వచ్చేవి. నలుగురూ చూసేచోట తినిపించలేక రోజూ అక్కడ దాక్కునేవాళ్ళం. నీనా కూడా ఏదో అడుగుతూ వెంట వచ్చింది.

"ఒక్క ముద్ద సలోమీ."

"నాకొద్దండీ. నిజంగా ఆకల్లేదు."

"తెలుసు. తిను."

"ఇయ్యాల్టికి వదిలేయండి."

"పడిపోతే మోసుకుపోలేను. నోరు తెరు."

తలెత్తితే ఎదురుగా అచోల్ నిలబడి ఉంది, చంకలో పిల్లతో. వెనక న్యాబోల్. పిల్ల సన్నగా ఏడుస్తోంది. నాకు తల కొట్టేసినట్టయింది. డబ్బా అలాగే అచోల్ చేతిలో పెట్టేశాను. అచోల్ కూర్చుని పిల్లకి ఒక ముద్ద పెట్టింది, రెండోది తన నోట్లో పెట్టుకుంది. మూడోది పిల్ల దగ్గరికి తీసుకెళ్ళి, మళ్ళీ తనే తినేసింది. తిని, చెయ్యి వంక చూసుకుంది. తర్వాత సలోమి వంక చూసి న్యాబోల్‌ని ఏదో అడిగింది.

"ఈమెకి జబ్బా అంటంది" అని న్యాబోల్ మాకు చెప్పింది. "ఎదురుగా అన్నం పెట్టుకుని వద్దంటందేంది అని."

సలోమి దాచలేదు. ఆ చుక్కలు తాను ఎక్కువగా వేసుకుందనీ, అప్పట్నుంచీ ఆకలి తెలియదనీ చెప్పింది. న్యాబోల్ ఆ మాటలు వాళ్ళ భాషలో చెబుతుంటే అచోల్ రెప్ప వేయకుండా వింది. ఎప్పటికీనా అని అడిగింది. ఎప్పటికీనేమో అంది సలోమి.

అప్పుడు అచోల్ చాలాసేపు మాట్లాడింది. న్యాబోల్ కొంగుతో ముఖం తుడుచుకుని అప్పుడు చెప్పింది.

"ఆ చుక్కలు తనకి వెయ్యమంటంది. పిల్లకొద్దంట. పిల్ల ఏడవాలంట. తన వంతు గంజి కూడా పిల్లకే పెడదామని రోజూ అనుకుంటదంట. సగంలో చెయ్యి తన నోటికే పోతందంట. కొడుకప్పుడు కూడా అట్టాగే పోయిందంట. ఆ చెయ్యి పోకుండా చెయ్యమంటంది."

"చచ్చిపోతావమ్మా!" అని సలోమి అరిచింది. ముందు తెలుగులో, తేరుకుని మళ్ళీ ఇంగ్లీషులో. "నీకు తెలీదు. ఒంట్లో ఏమీ లేకపోయినా నీకు తెలీదు. నిలబడ్డదానివి నిలబడ్డట్టే పడిపోతావు."

న్యాబోల్ చెప్పింది. అచోల్ విని తలూపింది. జవాబు చిన్నదే.

"నేను పడిపోతే పిల్ల ఏడుస్తది. మీరు వింటారు గదా."

మర్నాటికి ఆ మాట శిబిరమంతా పాకింది. సలోమి దిగిన గది ముందు తల్లులు వరస కట్టారు. తోసుకోవడం లేదు, గోల లేదు. చంకల్లో పిల్లలు ఏడుస్తూనే ఉన్నారు. ఆపిన మందు పెట్టెలు ఆ గది మూలలోనే పేర్చి ఉన్నాయి.

"ఏం చెయ్యమంటారండీ?" అని అడిగింది సలోమి.

ఇన్నేళ్ళ కాపురంలో తను నన్ను చదువు సంగతి అడగడం అదే మొదలు. వెయ్యకపోతే వానలు వెళ్ళేదాకా పిల్లలు ఆగరు. వేస్తే తల్లులు ఆగరు. వద్దని చెప్పడానికి నోరు తెరిచాను. పొద్దున కడుపు నిండా తిని వచ్చినవాణ్ణి, నాది కడుపు నిండిన బేరం. నేను చెప్పేదేముంది?

సలోమి పెట్టె తెరిచింది. చాలా తక్కువ మోతాదు కలిపింది. కళ్ళు తిరిగితే చెప్పాలని, పొద్దున్నే ఒకరినొకరు చూసుకోవాలని న్యాబోల్ చేత ఒక్కొక్కరికీ చెప్పించింది. ముందు అచోల్ నాలుక మీద వేసింది. తర్వాత వెనకున్న ఆమెకి. నీనా పక్కన నిలబడి సీసాలు అందిస్తోంది. ఆ పిల్ల బుగ్గల మీద నీళ్ళు ధారగా కారుతున్నాయి.

"మేడమ్," అంది కాసేపటికి, "తిరిగి వెళ్ళాక నేనేం చదవాలో నాకు ఇప్పుడు తెలిసింది."

సలోమి చెయ్యి ఆగిపోయింది. "నీకిక్కడ నిద్ర పడుతోందా?" అని అడిగింది.

"లేదు మేడమ్. ఒక్క రోజు కూడా పట్టలేదు."

"అయితే ఇప్పుడేం అనుకోవద్దు. పట్టేదాకా ఉండు. ఈ మామా వెనక తిరుగు. పట్టినాక, అప్పుడు అనుకో."

నీనా కళ్ళు తుడుచుకుంది. "శనివారం మా ఫ్లైట్ మేడమ్" అంది.

సలోమి తర్వాతి సీసా కోసం చెయ్యి చాపింది.

ఆ సాయంత్రం గంజి గిన్నె వరస చివరిదాకా వెళ్ళింది. పెద్దవాళ్ళు చాలామంది వద్దన్నారు కాబట్టి సరిపోయింది. నేను న్యాబోల్ వెనకే నడిచాను. అచోల్ గుడారం ముందు కూర్చుని కూతురికి తినిపిస్తోంది. పిల్ల మింగడం, మళ్ళీ నోరు తెరవడం, అచోల్ పెట్టడం. గిన్నె అడుగు కనిపించేదాకా చూశాను. అచోల్ చెయ్యి ఒక్కసారి కూడా తన నోటి వైపు వెళ్ళలేదు.